స్త్రీలు – న్యాయము: తులసమ్మగారి దావా



గడచిన మాసమున ఒక ఆదివారమునాటి మధ్యాహ్నము మా వీధిలోని యొక చిన్నది నా యింటికి వచ్చెను. ఆమె భర్త బొగ్గుగనిలో పనిచేయుచు, జబ్బుపడి, ఇంటివద్దనే మరణించి అప్పటికి పదునెనిమిది దినములయ్యెను. నాలుగేండ్ల కూతురు కొంగు పట్టుకొని వెంట నుండెను. మడిచి తెచ్చిన కాగితము నొకదానిని నా చేతికిచ్చి, “అక్కా, జర ఈ కాయితం సదివి చెప్పరాదే. రేపు పొద్దుగాల సంతకం పెట్టుమంటుండ్రు. పెట్టాల్నా, వద్దా?” అని యడిగెను.

అది నూరు రూపాయల స్టాంపు కాగితము. నలుగురు పెద్దమనుష్యులు కూర్చుండి వ్రాయించిన యొప్పందము. భర్త తరపున రావలసిన ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, బీమా సొమ్ములను మరిది తీసికొనును. డిపెండెంటు ఉద్యోగము మరిదికే. పల్లెలోని పొలముపై ఆమెకుగాని బిడ్డకుగాని హక్కు లేదు. ఇందులకు బదులుగా ఆమెకు “బ్రతికినంతకాలము తిండి, బట్ట” ఇయ్యబడును. మారుమనువు చేసికొన్నచో ఆ తిండిబట్టలును లేవు. తుదిని “నా యిష్టపూర్వకముగా, ఎవరి బలవంతమును లేక” అనెడు వాక్యము. ఆ యింటిలోనే యున్న అత్తగారి పేరు మొదటినుండి చివరివరకు ఎచ్చటను కానరాలేదు.

మా గోదావరిఖనిలో ప్రతి క్వార్టరులోను ఒక రేకుపెట్టె యుండును. జీతపు చీటీలు, ప్రావిడెంటు ఫండు లెక్కలు, బీమా పత్రములు, నామినీ కాగితముల నకళ్ళు, పెండ్లినాటి ఛాయాచిత్రము అందుండును. ఇంటాయన బ్రతికియున్నంతవరకు ఆ పెట్టె తాళము ఇల్లాలి చేతికి రాదు. ఆయన పోయిన పదునొకండవ దినమున దానిని తెరచువారును తరచుగా ఆమె కాదు. ఇతర ప్రదేశములకంటె బొగ్గుగనుల యూళ్ళలో ఈ తగవు లెక్కువగా నుండుటకు కారణము లేకపోలేదు. ఇంటి రాబడి యంతయు ఒక్కని మస్టరుపై నాధారపడినది. గనిలోపలి పనికి స్త్రీలను నియమింపరాదని 1952 నాటి గనుల చట్టము శాసించెను. 2019లో ఆ నిషేధము సడలింపబడువరకు భూగర్భమునుండి వచ్చెడు వేతనము పురుషుని పేరనే వచ్చెను. ఆ ఒక్క పేరు కొట్టివేయబడిననాడు దానివెనుక నున్న సొమ్ము ఎవరిదను ప్రశ్న బయలుదేరును.

నేను న్యాయవాదిని కాను. అందుచేత ఆ చిన్నదానికి నేను వెంటనే పెట్టుమనియు, వద్దనియు చెప్పక, ముందుగా తులసమ్మగారి కథ చెప్పితిని. ఇది కల్పన కాదు. సుప్రీముకోర్టు తీర్పుల సంపుటములలో అచ్చుపడియున్న యొక తెలుగు వితంతువు చరిత్ర. “బ్రతికినంతకాలము తిండి, బట్ట” యను నాలుగు మాటల విలువ యెంతయో నిర్ణయించుటకు ఆమెకు ముప్పదిమూడు సంవత్సరములు పట్టెను.

వడ్డెబోయిన తులసమ్మగారి భర్త వెంకటసుబ్బారెడ్డిగారు 1931లో మరణించిరి. అప్పటికి ఆయన తన సవతి సోదరుడగు శేషారెడ్డిగారితో ఉమ్మడి కుటుంబముగా నుండెను. ఇచ్చట నానాటి ధర్మశాస్త్రపు స్థితిని కొంచెము తెలిసికొనవలెను. మితాక్షరము ననుసరించి అవిభక్త కుటుంబములో నొక పురుషుడు కొడుకులు లేక మరణించినచో, అతని భాగము మిగిలిన పురుషులకు సంక్రమించును. భార్యకు భాగము లేదు. ఆమెకు మనోవర్తి మాత్రమే, అనగా అన్నవస్త్రములును, ఉండుటకు చోటును. వితంతువునకు భర్త భాగమును జీవితకాలము అనుభవించు హక్కు నిచ్చిన చట్టము 1937లో వచ్చెను. దానినే దేశముఖ్ చట్టమని వాడుకగా చెప్పుదురు. అదియైనను వెనుకటికి వర్తింపదు. పైగా వ్యవసాయ భూములకు ఆ చట్టము చెల్లదని 1941లో ఫెడరలు కోర్టు చెప్పగా, మద్రాసు రాష్ట్రము 1947లో వేరొక చట్టముచేసి ఆ లోటు పూడ్చెను. మన హైదరాబాదు సంస్థానమున బ్రిటిషు ఇండియా చట్టములు తమంతట తాము చెల్లవు గనుక ఇచ్చటి సోదరీమణులకు అదియును లేదు. ఆరేండ్లు ముందుగా విధవయైన తులసమ్మగారికి మనోవర్తి తప్ప వేరు దారి లేకపోయెను.

పదమూడేండ్లు గడచినవి. 1944 అక్టోబరులో ఆమె నెల్లూరు డిస్ట్రిక్టు మునసబు కోర్టునందు శేషారెడ్డిగారిపై మనోవర్తికై పాపరుగా దరఖాస్తు పెట్టెను. పాపరు దావా యనగా కోర్టు రుసుము చెల్లించుకొను శక్తియైన లేనివారికి అనుమతింపబడు దావా. ఉమ్మడి ఆస్తిగల యింటి కోడలు రుసుమునకు డబ్బు లేక కోర్టుగుమ్మ మెక్కినదనుట గమనింపుడు. ప్రతివాది హాజరు కాలేదు. 1946 జూనులో ఆమె పక్షమున ఏకపక్షపు డిక్రీ అయ్యెను.

అప్పుడు ప్రతివాది మేల్కొనెను. 1945 ఏప్రిలులోనే తామిరువురును కోర్టు వెలుపల రాజీపడితిమనియు, ఆ రాజీని నమోదు చేయవలెననియు 1946 అక్టోబరులో అర్జీ పెట్టుకొనెను. తులసమ్మగారు అట్టి రాజీ లేదని ఎదిరించిరి. కోర్టు ఆ యర్జీని త్రోసివేసెను. అప్పీలులోను అట్లే యయ్యెను. ఇది నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచినది. డబ్బులేని స్త్రీ, ఎదుట ఇంటి పెద్ద, చేతికి డిక్రీ వచ్చినను సొమ్ము రాలేదు. అయినను “నేను ఒప్పుకొనలేదు” అని చెప్పగలిగినది.

డిక్రీ వేరు, సొమ్ము వేరు. డిక్రీని అమలుపరచుటకు మరల కోర్టునకు పోవలెను. ఆ యమలు దశలో ఉభయులును ఈసారి నిజముగనే రాజీకి వచ్చిరి. 1949 జూలైలో కోర్టు దానిని ధ్రువపరచెను. పూర్వము ఇట్టి పత్రమునే రాజీనామా యనెడివారు. నేడు ఉద్యోగము వదలుకొనుటకు ఆ మాటను వాడుచున్నాము. స్త్రీల విషయమున రెండర్థములకును భేద మంతగా లేదేమో యని నాకు అప్పుడప్పుడు అనిపించును. ఆ రాజీ ప్రకారము మనోవర్తికి బదులుగా తులసమ్మగారికి కొన్ని ఆస్తులు ఇయ్యబడినవి. కాని షరతు లున్నవి. ఆమె వాటిని జీవితకాలము అనుభవింపవచ్చును. అమ్మరాదు, అన్యాక్రాంతము చేయరాదు. ఆమె తదనంతరము ఆస్తి తిరిగి శేషారెడ్డిగారికి చేరును. అనగా మా వీధి చిన్నదాని కాగితములోని “బ్రతికినంతకాలము” అనెడు మాటయే.

అట్లుండగా 1956 జూను 17వ తేదీన హిందూ వారసత్వ చట్టము అమలునకు వచ్చెను. అందలి పదునాలుగవ సెక్షనును ప్రతి యిల్లాలును తెలిసికొనదగును. ఒక హిందూ స్త్రీ స్వాధీనమందున్న ఆస్తి, ఆ చట్టమునకు ముందు వచ్చినదైనను తరువాత వచ్చినదైనను, ఆమెకు సంపూర్ణ హక్కుతో చెందును. పూర్వపు పరిమిత హక్కు ఇక లేదు. వారసత్వము, పంపకము, దానము, స్వార్జితము, కొనుగోలు, స్త్రీధనము మొదలుగా ఆస్తి వచ్చెడు త్రోవల నెన్నిటినో చట్టమే పేర్కొనెను. మనోవర్తికి బదులుగా వచ్చిన ఆస్తియు వాటిలో నున్నది. కాని అదే సెక్షనులో రెండవ ఉపవిభాగ మొకటి కలదు. దానపత్రము, వీలునామా, కోర్టు డిక్రీ, ఇతర దస్తావేజు మూలముగా ఆస్తి సంక్రమించి, ఆ పత్రములోనే పరిమిత హక్కు అని వ్రాసియున్నచో, ఆ పరిమితియే నిలుచును.

ఒక చేత నిచ్చి రెండవ చేత తీసికొన్నట్లు కనబడుచున్నది గదా! పెద్ద పెద్ద న్యాయమూర్తులకును అట్లే కనబడెను. హైకోర్టులు తలకొక విధముగా తీర్పులు చెప్పుచు వచ్చినవి.

తులసమ్మగారు 1960 ఏప్రిలులో ఆ యాస్తిలో కొంత కౌలుకిచ్చి, 1961 మేలో మరికొంత విక్రయించిరి. రెండును రిజిస్టరు దస్తావేజులే. మూడు నెలలు తిరుగకముందే, 1961 జూలై 31వ తేదీన, శేషారెడ్డిగారు మరల నెల్లూరు మునసబు కోర్టునందు దావా వేసిరి. ఆమె చేసిన అన్యాక్రాంతములు ఆమె జీవితకాలమునకు మించి చెల్లవని ఆయన వాదము. మునసబుగారు ఆయన పక్షమున తీర్పుచెప్పిరి. జిల్లా జడ్జిగారు దానిని త్రిప్పి, ఆమె సంపూర్ణ హక్కుదారు అనిరి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1971లో దానిని మరల త్రిప్పి, రాజీపత్రములో పరిమితి యున్నందున రెండవ ఉపవిభాగమే వర్తించుననెను. ఇట్లు ఒకమారు ఓడి, ఒకమారు గెలిచి, మరల నోడి, ఆమె సుప్రీముకోర్టునకు పోయెను.

తగవంతయు ఒక్క ప్రశ్నలోనికి వచ్చినది. 1949లో ఆమెకు ఇచ్చిన ఆస్తి ఆమెకు క్రొత్తగా ఇచ్చిన వరమా? లేక అదివరకే యున్న హక్కునకు చెల్లింపా?

మా గనుల యూరి మాటలలో చెప్పుదును. ఒక కార్మికునకు నెలజీతము రావలసియున్నది. ఆ జీతపు చీటీపై “ఈ సొమ్మును ఖర్చుపెట్టుకొనవచ్చును గాని నీ చెల్లెలికి ఇయ్యరాదు, నీవు పోయినపిమ్మట మిగిలినది మాకే” అని ముద్రించినచో ఎవరైన ఒప్పుకొందురా? అది అతని కష్టార్జితము. షరతు పెట్టుటకు ఇచ్చువానికి అధికారము లేదు. అదే ఒక స్నేహితుడు తన యింటిని “నీవున్నంతకాలము ఉండుము, తరువాత నా కొడుకునకు విడువుము” అని యిచ్చినచో ఆ షరతు న్యాయమే. ఏలన, ఇయ్యకున్నను అడుగుటకు హక్కు లేదు. వితంతువు మనోవర్తి జీతము వంటిదా, స్నేహితుని యింటి వంటిదా?

1977 మార్చి 17వ తేదీన సుప్రీముకోర్టు జీతము వంటిదని చెప్పెను. న్యాయమూర్తులు పి. ఎన్. భగవతి, ఎ. సి. గుప్తా, ఎస్. ముర్తజా ఫజల్ అలీ గారలు. హిందూ స్త్రీకి మనోవర్తి హక్కు పూర్వమునుండియే ఉన్నది. భర్త ఆస్తిని వెన్నంటి యుండునది. రాజీపత్రము ఆ హక్కును గుర్తించి చెల్లించినదే గాని క్రొత్తగా సృష్టింపలేదు. కావున ఆ పత్రములో నెన్ని పరిమితులు వ్రాసినను అవి నిలువవు. పదునాలుగవ సెక్షను మొదటి ఉపవిభాగము ప్రకారము ఆమె సంపూర్ణ హక్కుదారు. రెండవ ఉపవిభాగము పూర్వపు హక్కు లేనిచోట క్రొత్తగా ఇచ్చిన ఆస్తికి మాత్రమే. ఫజల్ అలీగారు ప్రత్యేకముగా వ్రాసిన తీర్పు మిక్కిలి దీర్ఘమైనది. హిందూ స్త్రీ మనోవర్తి ఎంత ప్రాచీనమైన హక్కో చూపుటకు ధర్మశాస్త్ర వచనములను ఒక ముసల్మాను న్యాయమూర్తి అంత శ్రద్ధతో పరిశీలించుట చదువునప్పుడు నాకు ముచ్చట గలిగినది.

భర్త పోయి నలువదియారు సంవత్సరములు, మొదటి దరఖాస్తు పెట్టి ముప్పదిమూడు. గెలిచినది ఆమె యొక్కతె కాదు. “బ్రతికినంతకాలము మాత్రమే” అని వ్రాయించుకొన్న పత్రములతో దేశమంతట భూమి ననుభవించుచుండిన వితంతువుల కెందరికో ఆ తీర్పు ఆధారమయ్యెను. అయితే ఈ రెండు ఉపవిభాగముల తగవు ఇంకను చల్లారలేదు. తరువాతి తీర్పులు కొన్ని, విశేషించి వీలునామా ద్వారా వచ్చిన ఆస్తి విషయమున, వేరు దారి పట్టినవి. అందుచేత 2024 డిసెంబరులో సుప్రీముకోర్టు న్యాయమూర్తు లిరువురు ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనమునకు నివేదించిరి.

దావా, రాజీనామా, దస్తావేజు, వకాల్తా, వారసు. ఈ వ్యాసమున నేను వాడిన కోర్టు మాటలలో ఎన్నియో పారసీకమునుండియు, దాని ద్వారా అరబ్బీనుండియు వచ్చినవే. మన తెలంగాణమున పూర్వము కోర్టుల భాష పారసీకమే. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఉర్దూ దాని స్థానమునకు వచ్చెను. ఆ పారసీక దేశమున, అనగా ఇరానులో, ఇరువదవ శతాబ్ది ఆరంభమున స్త్రీల తగవు లెట్లుండెనో చూచినచో మన రేకుపెట్టెయే జ్ఞాపకము వచ్చును. వివాహపత్రము, అందులో భర్త చెల్లింపవలసిన మెహరు, వారసత్వపు పంపకము, రాజీపత్రము (వారు దానిని సుల్హు అందురు) కుటుంబములు తరతరములుగా దాచుకొన్న కాగితములు. స్త్రీలు తమ ముద్రలు వేసి, స్వయముగనో వకీలు ద్వారానో మతధర్మాధికారి యెదుట తగవు నడిపించిరి. వారి ధర్మమున భార్య మెహరు భర్తపై నున్న ఋణము. అతడు మరణించినచో వారసులు పంచుకొనుటకు ముందుగా ఆ ఋణము తీర్పవలెను. అన్నవస్త్రములకై చేయిచాచు వితంతువుగా గాక, ఋణదాతగా ఆమె నిలుచును. ఆ మాటకు గొప్పతన మున్నది. కాని వారికిని భూమి దగ్గరనే అడ్డు వచ్చెను. షియా సంప్రదాయము ననుసరించిన వారి పౌరస్మృతిలో భర్త భూమినుండి భార్యకు వారసత్వ భాగము లేకుండెను. చరాస్తిలోను, కట్టడముల, చెట్ల విలువలోను మాత్రమే భాగ ముండెను. భూమి విలువలో సయితము భాగ మిచ్చుచు ఆ నియమమును సవరించినది 2009లో.

మన హైదరాబాదులోని ముసల్మాను సోదరీమణులకు మెహరు బాకీ సంగతి క్రొత్తది కాదు. సుప్రీముకోర్టు ఏర్పడిన తొలినాళ్ళలోనే హైదరాబాదునుండి అట్టి వ్యాజ్య మొకటి అచ్చటికి చేరెను. మెహరు బాకీకై కదరున్నీసా బేగము అను వితంతువు భర్త ఆస్తిని తన స్వాధీనమం దుంచుకొనెను. భర్తకు అప్పిచ్చిన కపూర్‌చంద్ అను నాతడు ఆ యాస్తిపైకి వచ్చెను. వారసులు మెహరు చెల్లించువరకు వారిని ఆమె అడ్డగింపవచ్చును గాని, ఇతర ఋణదాతలకంటె ముందుగా తనకే చెల్లవలెనను హక్కు ఆమెకు లేదని కోర్టు తేల్చెను. ఋణమే యైనప్పుడు అన్ని ఋణములతోపాటు వరుసలో నిలువవలసినదే. ఆ దారికి ఆ కష్టము.

ఇక ఆ చిన్నదాని కాగితమునకు వత్తము.

భర్త వీలునామా వ్రాయక మరణించెను. హిందూ వారసత్వ చట్టము ప్రకారము అతని ఆస్తికి మొదటి తరగతి వారసులు ముగ్గురు: భార్య, కూతురు, తల్లి. ముగ్గురివి సమభాగములు. తమ్ముడు ఆ తరగతిలో లేనే లేడు. పిత్రార్జిత భూమిలో 2005 సవరణవలన కూతురికి కొడుకుతో సమానముగా జన్మతః హక్కున్నది. అంతకు ఇరువదేండ్లు ముందుగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1985లోనే అవివాహిత కుమార్తెలకు ఆ హక్కు నిచ్చెను. తల్లి తన భాగమును వదలుకొనదలచినను, మైనరు బిడ్డ స్థిరాస్తిని కోర్టు అనుమతి లేక వదలుకొనుటకు 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ఒప్పదు. నాలుగేండ్ల పిల్ల భాగమును వ్రాసియిచ్చుటకు పెద్దమనుష్యులకు హక్కెక్కడిది? నూరు రూపాయలకు మించిన స్థిరాస్తిపై హక్కు వదలుకొనెడు పత్రము రిజిస్టరు కానిచో చెల్లదని 1908 నాటి చట్టము చెప్పుచున్నది. స్టాంపు కాగిత మైనంతమాత్రమున రిజిస్టరు పత్రము కాదు. ఈ భ్రమ మా యూళ్ళలో చాలమందికి కలదు.

నామినీ సంగతి వేరుగా చెప్పవలెను. నామినీగా పేరున్నంతమాత్రమున సొమ్మంతయు వారిదే యగునని అనుకొందురు. ఢిల్లీలో ఇట్టి తగవే అత్తకు, కోడలికి నడుమ వచ్చినది. బీమాకు నామినీ కోడలు; అత్త తన భాగము నడిగెను. నామినీ సొమ్ము పుచ్చుకొను చేయి మాత్రమే, సొమ్ము వారసులందరిదని సుప్రీముకోర్టు 1983 డిసెంబరులో తీర్పుచెప్పెను. తరువాత 2015లో బీమా చట్టమును సవరించి, నామినీ భార్య, భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు అయినచో బీమా సొమ్ము వారికే చెందునట్లు చేసిరి. మా చిన్నదాని భర్త బీమా పత్రములో ఎవరి పేరు వ్రాసినాడో చూడవలసియుండెను. చూడగా, పెండ్లికి ముందు వ్రాసిన తల్లి పేరే యున్నది. పెండ్లియైన పిమ్మట మార్చుట మరచిపోయెను. పురుషులలో చాలమంది ఇట్లే మరతురు.

డిపెండెంటు ఉద్యోగము వారసత్వపు ఆస్తి కాదు. ఆకస్మికముగా దిక్కులేనిదైన కుటుంబమునకు చేయూతగా ఇచ్చునదని సుప్రీముకోర్టు 1994లో చెప్పియున్నది. సింగరేణిలో ప్రకటించిన వారసత్వ ఉద్యోగముల పథకమును హైకోర్టు 2017లో కొట్టివేసినప్పుడు మా యూరిలో ఇంటింట ఆ మాటయే నడచెను. జాతీయ బొగ్గు వేతన ఒప్పందములలో ఆశ్రితుల వరుస స్పష్టముగా వ్రాయబడియున్నది. భార్య, అవివాహితయగు కూతురు, కొడుకు, దత్తపుత్రుడు మొదటివారు. వారెవరును లేనప్పుడే సోదరుని మాట. ఉద్యోగమునకు బదులు నెలవారీ ద్రవ్యసహాయము కోరుకొను వీలును ఆ ఒప్పందములు స్త్రీకి కల్పించినవి. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకమున వితంతు పింఛను ఉండనే యున్నది. ఆ స్టాంపు కాగితము వీనిలో నొక్కదానినైన పేర్కొనలేదు.

మారుమనువు షరతు మాట. భర్తనుండి సంక్రమించిన భాగము పునర్వివాహమువలన పోదు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టము వివాహమునకు అనుమతి నిచ్చుచునే ఆస్తిని తీసివేసెను. ఆ చట్టము 1983లో రద్దయ్యెను. 1956 చట్టము క్రింద ఒకసారి చేరిన భాగము వెనుకకు పోదని 2008లో సుప్రీముకోర్టు మరల స్పష్టపరచెను.

ఒక్క సంగతి ఇచ్చట చెప్పక తప్పదు. ఆ చిన్నదాని భర్త ఇంటివద్ద మరణించెను. అదే గనిలో ప్రమాదమువలన మరణించియుండినచో, ఇట్టి కాగితమున కసలే విలువ లేకుండెడిది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టమును చేసినవారు స్త్రీల వ్రేలిముద్రల సంగతి బాగుగ నెరిగినవారై యుండవలెను. మరణ పరిహారమును యజమాని నేరుగా ఎవరి చేతికిని ఇయ్యరాదు, కమీషనరువద్ద జమకట్టవలెను. ఆశ్రితులకు పంచువాడు ఆయనయే. మూడు నెలల జీతమునకు మించని అడ్వాన్సు తప్ప, వెలుపల ఇచ్చిన సొమ్ము పరిహారముగా లెక్కకు రాదు. పరిహారమును వదలుకొంటినను ఒప్పందము ఏదైనను చెల్లదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఆ చట్టము స్థానమున వచ్చినను ఆ రక్షణలు అట్లే చేర్పబడినవి. గనిలోపల పోయిన ప్రాణమునకు ఇంత కావలి పెట్టి, ఇంటిలో పోయినవాని యాలికి పెట్టకపోవుట నాకు విచిత్రముగా తోచును.

ఇంత చెప్పినపిమ్మట ఆ చిన్నది కొంతసేపు మాటాడలేదు. తరువాత, “మరి మా అత్త నేమైతది, అక్కా?” అని యడిగెను. నేను ఆ ప్రశ్న నెదురుచూడలేదు. తన భాగము తెలిసికొనగానే అత్త భాగము నడిగిన కోడలిని నేను తరచుగా చూడలేదు.

మరునాటి సాయంకాలము ఆమె అత్తగారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పెద్దామెయు విధవయే. పూర్వము ఆమె భర్త పోయినప్పుడు ఇట్టి కాగితముపైననే వ్రేలిముద్ర వేసినదట. ఏమి వ్రాసియున్నదో నాడు ఎవరును చదివి చెప్పలేదట. “నా పేరు గీ కాయితంల లేదా, బిడ్డా?” అని నన్ను రెండుమార్లు అడిగెను. లేదని చెప్పితిని. తల్లిగా నీకును మూడింట నొక భాగ మున్నదని చెప్పితిని. బీమా పత్రములో నీ పేరే యున్నదనియు చెప్పితిని. ఆమె కోడలి ముఖము చూచెను. కోడలు తలవంచుకొని కూతురి జడ సవరించుచుండెను.

ఆ రాత్రి ముగ్గురును రేకుపెట్టెను నా యింటికే తెచ్చుకొని, కాగితములన్నియు నేలపై పరచి, ఒక్కొక్కటిగా చదివించుకొనిరి. తెల్లవారినపిమ్మట పెద్దమనుష్యులు రాగా, అత్తగారే గుమ్మమున నిలిచి, సంతకమునకు తొందర లేదు, వకీలును చూచి వచ్చెదమని చెప్పి పంపినది. మరిదికి కోపము వచ్చినది. అది ఇంకను తీరలేదు. వారసుల ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టిరి. బీమా సొమ్ము చేతికి వచ్చినచో అందులో బిడ్డ పేర కొంత బ్యాంకులో వేయవలెనని అత్తాకోడండ్రు తమలో తాము మాటాడుకొనుచున్నారు. ఎంత యన్నదే ఇంకను తేలలేదు.

వచ్చు మాసమున నామినీ కాగితములను ఎప్పుడెప్పుడు మార్చుకొనవలెనో, ఏ సొమ్మునకు ఏ నియమము వర్తించునో వివరముగా వ్రాసెదను. పాఠకురాండ్రు ఈలోగా తమ యింటి పెట్టె తాళ మెవరివద్ద నున్నదో విచారించి యుంచవలెనని కోరుచున్నాను.